పోటీ షాపువాళ్లు గూగుల్ యాడ్స్‌కు ఎంత పెడుతున్నారో లెక్క కట్టడం ఎలా?

కర్నూలు వెంకటరమణ కాలనీలో ఏసీ రిపేర్ షాపు నడిపే ఒకాయన గూగుల్ యాడ్స్ ఖాతా నేను చూస్తుంటాను. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆయన ఫోన్ చేసి, "అన్నా, బళ్లారి చౌరస్తా కాడ షాపాయన దినానికి ఐదు వేలు పెడ్తాండాడంట. మనం వంద పెడ్తే ఎట్ల కనపడతాం?" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. ఎవరు చెప్పారని అడిగితే, యాడ్స్ చేసిపెడతామని షాపుకు వచ్చిన ఒక కుర్రాడు చెప్పాడట. ఆ రోజే బడ్జెట్ పెంచేస్తానన్నాడు. రెండు రోజులు ఆగమని చెప్పి, ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. ఆ లెక్క మీరూ మీ షాపుకు వేసుకోవచ్చు. కొనాల్సిన టూల్ ఏమీ లేదు. మీ యాడ్స్ ఖాతా, ఒక నోటు పుస్తకం, ఓ రెండు గంటల తీరిక ఉంటే సరిపోతుంది.

ముందు ఈ వేలం ఎలాంటిదో తెలియాలి

గూగుల్‌లో ప్రకటన చోటు వేలం పాటలోనే దొరుకుతుంది. చీటీ పాటలో కూర్చుంటే పక్కవాడి పాట చెవికి వినపడుతుంది. వాడు ఎక్కడ ఆగాడో చూసి మనం పాడతాం. క్లిక్కుకు ఇంత అని డబ్బు తీసుకునే సెర్చ్ ప్రకటనలు మొదట్లో ఇలాగే ఉండేవి. 1998లో గోటూ డాట్ కామ్ అనే కంపెనీ ఈ పద్ధతి తెచ్చినప్పుడు ఎవరు ఎంత పాడారో అందరికీ కనపడేది, పాడినంతా కట్టాల్సి వచ్చేది. 2002లో గూగుల్ తన క్లిక్కు వేలం మొదలుపెట్టి రెండు మార్పులు చేసింది. పాట ఎవరికీ కనపడదు. పైగా, పాడినంతా కట్టనక్కర్లేదు, కింద ఉన్నవాడిని దాటడానికి ఎంత అవసరమో అంత కడితే చాలు.

మూడో సంగతి ఇంకా ముఖ్యం. గూగుల్ డబ్బు ఒక్కటే చూడదు, ప్రకటన నాణ్యత కూడా చూస్తుంది. వెతికినవాళ్లు దాన్ని నొక్కే అవకాశం ఎంత, వెతికిన మాటకు ప్రకటన సరిపోయిందా, నొక్కాక తెరుచుకునే పేజీ పనికొచ్చేదేనా అన్నవి అందులోకి వస్తాయి. సులువుగా ఇలా అనుకోండి: ఒకాయన 40 రూపాయలు పాడాడు, నాణ్యత 4. రెండూ గుణిస్తే 160. ఇంకొకాయన పాట 25 రూపాయలే, నాణ్యత 8. గుణిస్తే 200. పైన నిలబడేది 25 పాడినాయనే. ఆయన కట్టేది కూడా 25 కాదు, 160ని దాటడానికి కావలసినంత, అంటే 20 రూపాయల పైచిలుకు. అసలు వేలంలో ఫోనా కంప్యూటరా, ఏ ఊరు, ఏ సమయం లాంటివి కూడా చూస్తారు కాబట్టి లెక్క ఇంత సాఫీగా ఉండదు, కానీ సూత్రం ఇదే.

అందుకే పోటీదారు పైన కనపడుతున్నాడంటే మనకన్నా ఎక్కువ కడుతున్నాడని అర్థం కాదు. చాలామంది భయపడి డబ్బు పోసేది ఇక్కడే. నాకు బాధగా అనిపించేదీ ఇదే.

మొదటి పని: పోటీదారు ఎవరో తేల్చుకోండి

మీ షాపు ఎదురుగా ఉన్నవాడే మీకు వేలంలో పోటీ అని అనుకోకండి. కర్నూలులో ఏసీ రిపేర్ కోసం వెతికితే హైదరాబాదు, బెంగళూరు నుంచి నడిచే కంపెనీలు కూడా కనపడతాయి. వాళ్ల జేబు వేరు, లెక్క వేరు.

ఫోన్‌లో పదే పదే వెతికి చూడకండి. మీరు వెతికిన ప్రతిసారీ మీ ప్రకటన కూడా ఊరికే ఒకసారి చూపించినట్టు లెక్కలో పడుతుంది. దానికి బదులు ఖాతాలో 'యాడ్ ప్రివ్యూ అండ్ డయాగ్నసిస్' అనే టూల్ ఉంటుంది. అందులో కర్నూలు అని పెట్టి, ఫోన్ అని ఎంచుకుని, జనం వెతికే మాటలు ఒక్కొక్కటే కొట్టండి. 'ఏసీ రిపేర్ కర్నూల్', 'ఏసీ సర్వీస్ నియర్ మీ', 'ఏసీ గ్యాస్ ఫిల్లింగ్' ఇలా. స్పాన్సర్డ్ అని ఉన్నవే డబ్బు కట్టిన ప్రకటనలు. మ్యాప్‌తో కలిసి వచ్చే షాపుల జాబితాలో ఆ ముద్ర లేనివాళ్లు ఒక్క రూపాయి కూడా కట్టడం లేదు. మా ఏసీ ఆయన భయపడిన ఇద్దరిలో ఒకరు ఇలాంటివారే. మంచి రివ్యూల వల్ల మ్యాప్‌లో ముందుకు వస్తున్నారు, అంతే.

ఇది పొద్దున పది గంటలకు, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి ఎనిమిదింటికి, కనీసం నాలుగు రోజులు చేయండి. ఎవరు ఎప్పుడు ఉన్నారో గీతలు గీసుకోండి. రాత్రిపూట ఒకాయన మాయమవుతున్నాడంటే బడ్జెట్ అయిపోయి ఉండవచ్చు, లేదా షాపు మూసే వేళకు ప్రకటన ఆగేలా పెట్టుకుని ఉండవచ్చు. గూగుల్ మామూలుగా బడ్జెట్‌ను రోజంతా సర్దుతుంది కాబట్టి దీన్ని ఆధారంగా కాక ఆనవాలుగానే తీసుకోండి.

రెండో పని: వాళ్ల ప్రకటనలన్నీ చూడండి

2023 మార్చి నుంచి గూగుల్ 'యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్' అని ఒక పేజీ నడుపుతోంది. అందరికీ ఉచితం. పోటీదారు వెబ్‌సైట్ పేరు అందులో కొట్టి, ఇండియా అని ఎంచుకుంటే వాళ్లు నడిపే ప్రకటనలు కనపడతాయి. ఒక్కో ప్రకటన చివరిసారి ఎప్పుడు చూపించారో కూడా ఉంటుంది. వెబ్‌సైట్ పేరుతో దొరకకపోతే, సెర్చ్‌లో వాళ్ల ప్రకటన పక్కన ఉండే మూడు చుక్కలు నొక్కి ప్రకటనదారు వివరాల్లోకి వెళ్లండి. గూగుల్ ధ్రువీకరించిన పేరు అక్కడ దొరుకుతుంది. షాపు బోర్డు మీద ఒక పేరు, ధ్రువీకరణలో యజమాని సొంత పేరు ఉండటం మామూలే.

అక్కడ రూపాయలు కనపడవు. ఖర్చు చూపించేది రాజకీయ ప్రకటనలకు మాత్రమే. అయినా పనికొచ్చేవి చాలా ఉంటాయి. ఎన్ని రకాల ప్రకటనలున్నాయి? రాసినవేనా, వీడియోలు కూడా ఉన్నాయా? కర్నూలు పేరు ఒక్కటే ఉందా, నంద్యాల, ఆదోని, అనంతపురం కూడా ఉన్నాయా? నాలుగు ఊళ్లకు పెట్టే డబ్బును మీ ఊరి లెక్కలో వేసుకుంటే అంచనా మొత్తం తప్పుతుంది.

మూడో పని: క్లిక్కు రేటు ఎంత నడుస్తోంది?

ఖాతాలో టూల్స్‌లోకి వెళ్లి కీవర్డ్ ప్లానర్ తెరవండి. కీవర్డ్ అంటే జనం వెతికే మాట. ముందుగా ప్రాంతం మార్చండి. దేశం మొత్తం అని ఉంటే అంకెలు చూసి కళ్లు తిరుగుతాయి. కర్నూలు నగరం ఒక్కటే పెట్టండి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరే జిల్లా అయింది, పాత ఉమ్మడి జిల్లా అలవాటుతో దాన్నీ కలిపేయకండి. షాపు చుట్టూ ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరం దాకా పెట్టుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: ఆ గీత తుంగభద్ర దాటి అలంపురం వైపు తెలంగాణ ఊళ్లలోకి పోతుంది. మీ మెకానిక్ బండి వేసుకుని అంత దూరం పోతాడా అని ముందే అడిగి పెట్టుకోండి.

కీవర్డ్ ప్లానర్‌లో చాలామంది వాడని ఒక దారి ఉంది. కొత్త కీవర్డ్‌లు వెతికే చోట మాటలకు బదులు వెబ్‌సైట్ చిరునామా కూడా ఇవ్వొచ్చు. పోటీదారు వెబ్‌సైట్ ఇవ్వండి. ఆ సైటుకు ఏ మాటలు సరిపోతాయని గూగుల్ అనుకుంటోందో జాబితా వస్తుంది. అవన్నీ వాళ్లు కొంటున్నారని కాదు, మీరు ఊహించని మాటలు నాలుగైనా దొరుకుతాయి.

జాబితాలో చూడాల్సిన గడులు మూడు: నెలకు సగటున ఎన్ని వెతుకులాటలు, పేజీ పైభాగంలో కనపడటానికి కట్టే రేటు తక్కువ వైపు ఎంత, ఎక్కువ వైపు ఎంత. ఈ రెండు రేట్లు ఆ మాట మీద ప్రకటనదారులు ఇంతకుముందు కట్టిన వాటి నుంచి తీసినవి. తక్కువ అంకెకూ ఎక్కువ అంకెకూ మధ్యలో ఎక్కడో మీ పోటీదారు ఉండే అవకాశం ఎక్కువ. ప్రకటనలు నడవని ఖాతాకు వెతుకులాటల సంఖ్య వందా, వెయ్యి మధ్య అన్నట్టు చాలా వెడల్పుగా చూపిస్తుంది. డబ్బు పెట్టి నడుపుతున్న ఖాతాకు ఇంకాస్త దగ్గరి అంకె వస్తుంది. మన ఊళ్లలో కొన్ని మాటలకు రేటు గడి ఖాళీగా ఉంటుంది. అప్పుడు ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్ అని మార్చి రేటు మాత్రం తీసుకోండి, వెతుకులాటల సంఖ్య కర్నూలుదే ఉంచండి.

నాలుగో పని: ఆక్షన్ ఇన్‌సైట్స్

అసలు లెక్క ఇక్కడుంది, కాబట్టి తొందరపడకండి. క్యాంపెయిన్ (ఒకే బడ్జెట్ కింద నడిచే మీ ప్రకటనల గుంపు) ఎంచుకుని, ఇన్‌సైట్స్ అండ్ రిపోర్ట్స్ కింద ఆక్షన్ ఇన్‌సైట్స్ తెరవండి. మీరు నిలబడిన వేలాల్లో ఇంకా ఎవరెవరు నిలబడ్డారో వెబ్‌సైట్ పేర్లతో సహా వస్తుంది. కర్నూలుకు మాత్రమే నడిచే క్యాంపెయిన్ తీసుకోండి, ముప్పై రోజులు పెట్టండి. క్యాంపెయిన్ మరీ చిన్నదైతే ఈ రిపోర్టు రాదు, అప్పుడు రోజులు పెంచి చూడండి.

ఇంప్రెషన్ షేర్ అంటే, కనపడే అవకాశం వంద సార్లు వస్తే ఎన్నిసార్లు కనపడ్డారన్నది. ఓవర్‌ల్యాప్ రేట్ అంటే, మీరు కనపడినప్పుడు వాళ్లూ ఎన్నిసార్లు కనపడ్డారు. పొజిషన్ అబవ్ రేట్ అంటే, ఇద్దరూ కనపడినప్పుడు వాళ్లు మీ పైన ఎన్నిసార్లు ఉన్నారు. వాళ్లు కనపడిన వాటిలో ఎన్నిసార్లు అన్నింటికన్నా పైన ఉన్నారో కూడా ఒక గడిలో ఉంటుంది.

ఇప్పుడు మా ఏసీ ఆయన లెక్క చూడండి. గుణకారం తేలికగా ఉండాలని అంకెలు గుండ్రం చేశాను, కర్నూలు రేట్లు ఇవేనని పట్టుకోవద్దు.

నెలలో ఆయన ప్రకటన 1,800 సార్లు కనపడింది. ఇంప్రెషన్ షేర్ 45 శాతం. 1,800ని 0.45తో భాగిస్తే 4,000. అంటే ఆ మాటల మీద ఆ నెలలో మొత్తం అవకాశాలు సుమారు 4,000.

బళ్లారి చౌరస్తా షాపు ఇంప్రెషన్ షేర్ 70 శాతం. 4,000లో 70 శాతం 2,800. ఆయన ప్రకటన అన్నిసార్లు కనపడింది.

అందులో ఎంతమంది నొక్కారు? ఇది ఎక్కడా రాసి ఉండదు. మా ఆయన ప్రకటన చూసిన వందమందిలో ఆరుగురు నొక్కుతున్నారు. పోటీదారు తరచుగా పైన ఉంటాడు కాబట్టి ఆరు నుంచి పది మధ్య పెట్టుకున్నాం. తక్కువ వైపు 168 క్లిక్కులు, ఎక్కువ వైపు 280.

క్లిక్కు రేటు ఎంత? మా ఆయన సగటున 22 రూపాయలు కడుతున్నారు. కీవర్డ్ ప్లానర్‌లోని రెండు కొసలు కూడా పక్కన పెట్టుకుని, 18 నుంచి 35 అనుకున్నాం. 168ని 18తో గుణిస్తే 3,024. 280ని 35తో గుణిస్తే 9,800. దీని మీద 18 శాతం జీఎస్టీ. అంటే నెలకు సుమారు 3,600 నుంచి 11,600 రూపాయలు.

దినానికి ఐదు వేలంటే నెలకు లక్షా యాభై వేలు. క్లిక్కుకు 35 రూపాయలు పడినా దానికి 4,285 పైచిలుకు క్లిక్కులు కావాలి. అసలు అవకాశాలే 4,000! కనపడిన ప్రతిసారీ ప్రతి ఒక్కరూ నొక్కినా ఐదు వేలు ఖర్చు కాదు. ఆ కాగితం మీద ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించాను. ఆయన క్యాలిక్యులేటర్ తీసుకుని మళ్లీ తనే కొట్టి చూసుకున్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "అయితే ఆ పిల్లోడు ఏం లెక్క చెప్పినాడన్నా?" అన్నాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఈ రిపోర్టు మీరు నిలబడిన వేలాలనే చూపిస్తుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ రిపేర్‌కు కూడా ఆ షాపాయన యాడ్స్ వేస్తుంటే, లేదా యూట్యూబ్‌లో వీడియో నడుపుతుంటే ఆ ఖర్చు ఈ లెక్కలోకి రాదు. రెండో పనిలో ప్రకటనల రకాలు చూడమన్నది అందుకే. మీ ఏసీ ఖాతాదారుల కోసం ఆయన ఎంత పెడుతున్నాడన్నది మాత్రం ఇందులో బాగానే తెలుస్తుంది, మీకు కావలసింది అదే. ఒక పేరు ఎదురుగా 10 శాతం కన్నా తక్కువ అని గుర్తు ఉంటే అసలు అంకె ఇవ్వరు, అలాంటివాళ్లను వదిలేయండి.

ఐదో పని: ఆయన ఎంత పెట్టగలడు?

దీన్ని చాలామంది చేయరు. నా వరకు ఇది లేకపోతే అంచనాకు కాళ్లుండవు. పోటీదారు కూడా మీ వ్యాపారమే చేస్తున్నాడు. మెకానిక్ కూలీ, పెట్రోలు, గ్యాస్ రేటు ఆయనకూ మీకూ ఇంచుమించు ఒకటే. కాబట్టి మీ లెక్కతో ఆయన పైహద్దు తెలుస్తుంది.

ఒక సర్వీసింగ్ మీద ఖర్చులు పోను 300 మిగులుతుందనుకోండి. ఐదు క్లిక్కులకు ఒక ఫోన్ వస్తుంది, రెండు ఫోన్లకు ఒక పని కుదురుతుంది అనుకుంటే, ఒక పనికి పది క్లిక్కులు కావాలి. క్లిక్కుకు 30 దాటితే సర్వీసింగ్ మీద చేతి నుంచి పడుతుంది. గ్యాస్ ఫిల్లింగ్, కొత్త ఏసీ బిగించడం మీద ఎక్కువ మిగులుతుంది కాబట్టి ఆ మాటలకు ఆయన ఇంకా పైకి పోగలడు. మేము పైన పెట్టుకున్న 35 సర్వీసింగ్ మాటలకు కొంచెం ఎక్కువేనని ఇక్కడ తేలింది, ఎక్కువ వైపు అంచనా కాస్త తగ్గించుకున్నాం.

బయటి ఊళ్ల పెద్ద కంపెనీలకు ఈ కొలత పనిచేయదు. వాళ్లు మొదటి పనిలో నష్టపోయినా ఖాతాదారు చేతికొస్తే చాలనుకుంటారు. వాళ్లతో రేటుకు రేటు పాడటానికి దిగకండి.

సెమ్‌రష్, స్పైఫు లాంటి టూల్స్ పోటీదారు నెల ఖర్చు ఒక్క అంకెలో చెబుతాయి. అవి కూడా అంచనాలే. స్పైఫు ప్రధానంగా అమెరికా మార్కెట్ చూసేది. సెమ్‌రష్ లెక్కలు దేశం ప్రకారం ఉంటాయి. ఢిల్లీలో, చెన్నైలో కూడా అమ్మే కంపెనీని గమనించాలంటే పనికొస్తాయి. సీ క్యాంప్‌లో ఒక షాపు, కల్లూరులో ఒక షాపు ఉన్న వ్యాపారానికి వాటి మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.

ఎవరైనా పోటీదారు ప్రకటన నొక్కి నొక్కి డబ్బు ఖర్చు చేయించమని చెబితే వినకండి. అలాంటి క్లిక్కులను గూగుల్ పసిగట్టి లెక్కలోంచి తీసేసే ఏర్పాటు ఉంది. అది అలా ఉంచండి, అవతల ఉన్నది కూడా మనలాగే ఎండలో నిచ్చెన ఎక్కి సంపాదించుకునే మనిషి. ఆయన రూపాయి ఊరికే పోగొట్టడం తప్పు.

అంచనా వచ్చాక ఏం చేయాలి?

మీ క్యాంపెయిన్‌లో ఇంప్రెషన్ షేర్ పక్కన ఇంకో రెండు గడులు చేర్చుకోండి. బడ్జెట్ చాలక పోయినవి ఎన్ని శాతం, ర్యాంక్ (పాట, నాణ్యత కలిసి వచ్చే స్థాయి) చాలక పోయినవి ఎన్ని శాతం అని విడివిడిగా చూపిస్తాయి. మా ఆయనకు బడ్జెట్ వల్ల పోయినవి 5 శాతం, ర్యాంక్ వల్ల పోయినవి 50 శాతం. వంద రూపాయల బడ్జెట్‌లో రోజుకు ఎనభై కూడా ఖర్చు కావడం లేదు. దాన్ని ఐదు వేలు చేసినా ఆ 5 శాతమే తిరిగి వచ్చేది, ర్యాంక్ వల్ల పోయిన 50 శాతం అలాగే ఉండేది.

మీ ఖాతాలో ఇది తలకిందులుగా ఉంటే, అంటే బడ్జెట్ వల్లే ఎక్కువ పోతుంటే, అప్పుడు బడ్జెట్ పెంచండి. కానీ ఒకటి గుర్తుంచుకోండి: గూగుల్ ఏదో ఒక రోజు మీ రోజువారీ బడ్జెట్‌కు రెట్టింపు దాకా వాడుకోవచ్చు, నెల మొత్తానికి 30.4 రెట్లు దాటదు. మొదటి వారం ఖర్చు చూసి కంగారుపడి ఆపేసినవాళ్లున్నారు.

మా ఆయనకు చేసింది వేరు. 'ఏసీ' అనే ఒంటి మాట తీసేశాం, ఏసీ బస్సుల కోసం, ఏసీ ఫంక్షన్ హాళ్ల కోసం వెతికేవాళ్లు కూడా వచ్చి పడుతున్నారు. గ్యాస్ ఫిల్లింగ్‌కు, బిగించడానికి, సర్వీసింగ్‌కు మూడు వేర్వేరు ప్రకటనలు రాశాం. నొక్కితే ముందు షాపు చరిత్ర తెరుచుకునేది. దాని బదులు రేటు, ఏయే కాలనీలకు వస్తారు, ఫోన్ బటన్ ఒకే తెర మీద కనపడేలా పేజీ మార్పించాం. పాట రెండు రూపాయలే పెంచాం.

ఇదే లెక్క నెలకోసారి వేయండి. మన దగ్గర మార్చి నుంచి మే దాకా ఒక రేటు, వానలు పడ్డాక ఇంకో రేటు, ఒక నెల అంచనా ఇంకో నెలకు పనికిరాదు. నోటు పుస్తకంలో తేదీ, మీ ఇంప్రెషన్లు (ప్రకటన ఎన్నిసార్లు కనపడింది), మీ షేరు, పోటీదారు షేరు, మీ సగటు క్లిక్కు రేటు, అంచనా కింది అంకె, పై అంకె అని ఏడు గళ్లు గీసుకుంటే చాలు. మా ఏసీ ఆయన ఆ గళ్లను ఏసీ డబ్బా అట్ట ముక్క మీద గీసి, కౌంటర్ వెనక గోడకు తగిలించుకున్నాడు.